గుట్ట మీద బూటు లేసు

మార్చి 3

అక్క పోరు పడలేక ఈ రోజు సైకిలెక్కాను. బావ తన పాత సైకిలుకి గాలి కొట్టి, గొలుసుకి నూనె పెట్టి, నిన్ననే మా మెట్ల కింద ఉంచి వెళ్ళాడు. సీటు కూడా నా ఎత్తుకి దించాడు. వంతెన దాకా వెళ్ళేసరికే ఒళ్ళు హూనమైంది. పిట్టగోడ పట్టుకుని రొప్పుతుంటే బావ నీళ్ళ సీసా చేతికిచ్చి, "బామ్మర్ది బతక కోరతాడు, దాయాది చావ కోరతాడని సామెత. నువ్వు ముందు నీ బతుకు కోరుకో, తర్వాత నాది చూద్దువుగాని" అన్నాడు. నవ్వొచ్చింది.

ఆమె వెళ్ళిపోయాక నేను నవ్వింది ఇదే మొదలేమో. ఈ డైరీలో ఆమె సంగతి ఇక రాయను.

మార్చి 4

కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. షాపులో కళ్ళద్దాలు అరగదీసే మిషను ముందు రోజంతా నిలబడే ఉన్నాను. ఓనరు కాసేపు చూసి, "ఏమయ్యా, పైల్సా" అని చాలా సానుభూతిగా అడిగాడు.

మార్చి 10

బావ నన్ను తన జట్టులో కలిపాడు. వాళ్ళు ముగ్గురు, నాతో నలుగురం. డ్రిల్లు మాస్టారు అందరికీ పెద్ద. బడిలో పిల్లల్ని పరిగెత్తించీ పరిగెత్తించీ ఆయన గొంతు అలాగే ఉండిపోయింది, క్షేమసమాచారం అడిగినా శిక్ష వేసినట్టే ఉంటుంది. రెండోవాడు కిటికీ. అల్యూమినియం కిటికీలు బిగించే పని కాబట్టి ఆ పేరు. అసలు పేరేమిటని అడిగితే బావ కాసేపు ఆలోచించి, "అదేరా, కిటికీ" అన్నాడు.

పొద్దున్నే బావ ఇంటి దగ్గర కలుసుకుని, గోదాముల రోడ్డు మీదుగా గుట్ట ఎక్కి, అవతలి వైపు వంతెన దగ్గర దిగడం. అక్కడ నేను ఎడమకి తిరిగి షాపుకి పోతాను, వాళ్ళు ఇళ్ళకి పోతారు.

మాస్టారు ఈ రోజు పాఠం చెప్పారు. "ముందున్నవాడు గాలిని చీలుస్తాడు. వెనకున్నవాడు ఆ చాటున వస్తాడు. వాడి చక్రానికీ నీ చక్రానికీ మధ్య జానెడు ఉండాలి. ఎడం ఎక్కువైతే చాటు పోతుంది, తక్కువైతే పళ్ళు పోతాయి."

"ఇలా గుంపులో తిరిగితే వేగం వస్తుందా మాస్టారూ?" అని అడిగాను.

"రాకేం. నీకంటే గట్టివాళ్ళతో తొక్కితే చచ్చినట్టు వస్తుంది."

కిటికీ ఏదో అనబోయాడు. బావ వాడికి నీళ్ళ సీసా అందించాడు.

ఆ చాటు గురించి రాయాలి. గోదాముల రోడ్డు మీద ఎదురుగాలి. పక్కకి జరిగితే ముఖం మీద తన్నినట్టు కొడుతుంది. బావ వెనక్కి వచ్చానా, ఎవరో నడుం మీద చెయ్యేసి మెల్లిగా తోస్తున్నట్టే ఉంది. ఎదురుగా బావ వీపు, చెమటకి తడిసిన బనీను, ఇంకేం కనబడదు, వినబడదు. చాలా నెలల తర్వాత బుర్రలో ఏ మాటా తిరగలేదు.

మార్చి 18

గుట్ట దగ్గర నేను ఆఖరు. పైకి చేరేసరికి మాస్టారు రోడ్డు పక్క రాయి మీద కాలు పెట్టి బూటు లేసు కట్టుకుంటున్నారు. మంచి సమయానికి ఊడింది. లేకపోతే నా ఒక్కడి కోసం ఆగాల్సి వచ్చేది.

మార్చి 25

మళ్ళీ గుట్ట మీద మాస్టారి లేసు ఊడింది. ఆయన ఆ బూట్లు మార్చాలి.

ఏప్రిల్ 2

ఈ రోజు కిటికీని దాటాను. గుట్ట సగంలో వాడి గొలుసు ఊడిందట, దిగి కూర్చున్నాడు. ఊడితే ఊడిందిగాక, దాటాను కదా. బావ పైనుంచి చూసి చప్పట్లు కొట్టాడు.

షాపులో ఓనరు అడగకపోయినా చెప్పాను.

ఏప్రిల్ 11

కోర్టు నుంచి కవరొచ్చింది. విప్పలేదు. ఏముందో తెలుసు.

సాయంత్రం అక్క వాళ్ళింటికి వెళ్ళాను. కవరు సంగతి చెప్పాను. అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది. బావ చాలాసేపు గోళ్ళు చూసుకుని, ఉన్నట్టుండి, "జూన్‌లో జట్ల పందెం ఉంది, తెలుసుగా. జట్టుకి నలుగురు. నాలుగోవాడివి నువ్వే" అన్నాడు.

నేను నమ్మలేదు. "నేనేంటి బావా, మొన్నమొన్ననే కదా" అన్నాను.

"మొన్నమొన్నేంటి, నెల దాటింది. మాతో సమానంగా వస్తున్నావు కదా. పైగా మూడోవాడు గీత దాటిన టైమే జట్టు టైము. నువ్వు కాస్త వెనకబడినా కొంప మునగదు."

మాతో సమానంగా. ఆ మాట ఇంటికొచ్చేదాకా నా వెంటే వచ్చింది.

కవరు అలమారలో పెట్టాను.

ఏప్రిల్ 12

జట్టు చొక్కా మీద నా పేరు ఏమని రాయించుకోవాలా అని ఓనరుని సలహా అడిగాను. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నాడు. ఆలు అన్న మాట నోట్లోంచి వచ్చాక నాలుక కరుచుకుని, మధ్యాహ్నం టీ తనే తెచ్చిచ్చాడు. నాకేం బాధ కలగలేదు. పందెం ఉందిగా.

ఏప్రిల్ 20

ఇవాళ ముందుండి తొక్కుతానన్నాను. పందెంలో వంతులవారీగా ముందు ఉండాలి కదా, నాకూ అలవాటవ్వాలి. "నీకింకా టైముంది, చాటునే ఉండు" అన్నాడు బావ. మాస్టారు దూరంగా చూస్తున్నారు. కిటికీ మాత్రం, "ఒకసారి ఉండనియ్యండి బాబూ, సరదా తీరుతుంది" అన్నాడు. బావ ఒప్పుకోలేదు. నా గుండె ఇంకా అంత గట్టిపడలేదట. నా గురించి నాకంటే ఆయనకే ఎక్కువ బెంగ.

ఏప్రిల్ 27

బావకి మోకాలు నొప్పి. ఈ రోజు సైకిళ్ళు లేవు. పడుకున్నాను.

ఏప్రిల్ 30

మోకాలు. మాస్టారికి బడిలో పని. కిటికీ ఫోనెత్తలేదు. పడుకున్నాను.

మే 6

షాపుకి ఒక సన్నటాయన వచ్చాడు. వెదురుబొంగుకి చొక్కా తొడిగినట్టున్నాడు. క్లినిక్కులో రక్తం తీసే పనట. ఎండకి నల్లబడే అద్దాలు కావాలి, చూపుకి సరిపోవాలి, వంగి సైకిలు తొక్కేటప్పుడు జారకూడదు అన్నాడు. సైకిలనేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. ఫ్రేము వంపు ఎంతుండాలో, పై అంచు ఎక్కడికి రావాలో అడిగి అడిగి రాసుకున్నాను. ఆయన కౌంటరు మీద మోచేతులానించి, తొక్కుతున్నట్టు వంగి చూపించాడు.

"ఎటు తొక్కుతారు" అని అడిగాను.

"వంతెన దగ్గర కలుస్తానండీ మా వాళ్ళని. అక్కణ్ణించి ఏటి కట్ట మీద ఊపిరాడకుండా తొక్కుతాం. కాకపోతే వాళ్ళు ఆలస్యంగా వస్తారు. ముందు ఎవరో ఒకాయన్ని మెల్లిగా తిప్పి, ఆయన్ని సాగనంపి రావాలట. మొహమాటం పాపం."

మన ఊళ్ళో ఇన్ని జట్లున్నాయని నాకు తెలియదు. ఆ ఒకాయన ఎవరో గాని జాలేసింది. పెద్దమనిషిని పట్టుకుని బడికి దింపే పిల్లాడిలా చూస్తే ఎలా ఉంటుంది.

మే 9

సన్నటాయన అద్దాలు తీసుకెళ్ళాడు. చాలా బాగా కుదిరాయి. ఈ మధ్య ఇంత శ్రద్ధగా ఏదీ చెయ్యలేదు.

మే 14

టైలరు అందరి కొలతలూ తీసుకున్నాడట, నావి తీసుకోలేదు. బావని అడిగితే, "నీ చొక్కా ఒకటి ఆదికిచ్చాలే" అన్నాడు. ఏ చొక్కా ఇచ్చాడో. అలమారలో అన్నీ ఉన్నాయి.

అక్క దగ్గర పాతది ఏదైనా ఉండిపోయి ఉంటుంది. ఉంటుంది.

మే 15

మోకాలు.

మే 19

టైలరు మా షాపుకి నాలుగిళ్ళ అవతలే. అన్నం వేళ వెళ్ళి, "మా జట్టు చొక్కాలయ్యాయా" అని అడిగాను. ఎంతో గర్వంగా అడిగాను. అది రాసుకోవాలి.

అయ్యాయట. నాలుగూ బల్ల మీద పరిచాడు. పసుపు, నల్ల చారలు. ఒకటి బావది, పొట్ట దగ్గర కుట్టు చూస్తే తెలుస్తుంది. ఒకటి మాస్టారిది, ఒకటి కిటికీది. నాలుగోది తీసి నా ఒంటికి ఆనించుకున్నాను. నా రెండు భుజాల మధ్యకే సరిపోయింది, ఒక చేతికి తొడిగే చొక్కాలా ఉంది.

"మీది కాదండీ, అది సన్నటాయనది. రక్తం తీస్తాడే, ఆయనది" అన్నాడు టైలరు. నోట్లో సూది పెట్టుకునే నవ్వాడు.

"నాదేది?"

"మీదుందని నాకెవరూ చెప్పలేదే."

షాపుకొచ్చి మధ్యాహ్నమంతా పనిచేశాను. ఒక్క అద్దం పగలలేదు. ముసలావిడ ఒకావిడ కొత్త కళ్ళజోడు పెట్టుకుని, గోడ మీద అక్షరాలు చదివి, "ఇన్నాళ్ళూ ఇవన్నీ ఇక్కడే ఉన్నాయా బాబూ" అంది.

మే 20

పొద్దున వెళ్ళలేదు. ఫోను మోగింది. మోగనిచ్చాను.

సాయంత్రం వెళ్ళాను. బావ వరండాలో సైకిలు తిరగేసి చక్రం తిప్పుతున్నాడు. నన్ను చూసి, "ఏరా, ఒంట్లో బాలేదా" అన్నాడు. ఎంత మామూలుగా అన్నాడో.

"చొక్కాలు బాగున్నాయి బావా. పసుపు మీద నలుపు నప్పింది."

చక్రం దానంతటది తిరుగుతూ ఉండిపోయింది. ఆయన దాన్నే చూస్తున్నాడు.

"నీకు నేనే చెబుదామనుకున్నా" అన్నాడు.

"ఎప్పుడు? పందెం అయ్యాకా?"

"దగ్గరపడ్డాక నీకేదో పని తగులుతుంది, నువ్వే రానంటావనుకున్నా. ఆ రోజు కోర్టు కవరు పట్టుకుని ఆ గుమ్మంలో నిలబడ్డావు. నీ ముఖం నువ్వు చూసుకోలేదురా. ఏదో ఒకటి అనాలి కదా. నోటికొచ్చింది అనేశా."

"మాతో సమానంగా వస్తున్నావన్నది కూడా నోటికొచ్చిందేనా?"

ఆగబోతున్న చక్రాన్ని మళ్ళీ తిప్పాడు.

"మోకాలు?"

"మోకాలు నిజమే. అప్పుడప్పుడు" అని ఆగి, "అన్నిసార్లూ కాదు" అన్నాడు.

అప్పుడు అక్క లోపల్నించి వచ్చింది. చేతులు తుడుచుకుంటూనే మొదలుపెట్టింది. "ఆయన్ననకు. నేనే చెప్పాను. నువ్వు తలుపేసుకుని పడుంటే నేనేం చెయ్యను? బయటికి లాక్కురండి, మీ వాళ్ళందరికీ చెప్పి కాస్త మెల్లిగా తొక్కండి, వాడి మనసు నిలబడితే చాలు అన్నాను. నిలబడిందా లేదా?"

వాళ్ళందరికీ చెప్పి.

అంటే కిటికీకి గొలుసు ఊడలేదు. అడిగాను. బావ తల దించుకున్నాడు. లేసు సంగతి అడగలేదు, సిగ్గేసింది. ముగ్గురు మగాళ్ళు నెలల తరబడి నా కోసం నాటకం ఆడారు, నేను పొద్దున్నే లేచి ముఖం కడుక్కుని ఆ నాటకానికి వెళ్ళాను.

"ఆమె వెళ్ళిపోతున్న సంగతి కూడా నీకే ముందు తెలుసు కదక్కా" అన్నాను. ఈ మాట అనడానికే వెళ్ళానేమో, అన్నాక తెలిసింది.

అక్క కొంగుతో మళ్ళీ చేతులు తుడుచుకుంది. అవి అప్పటికే పొడిగా ఉన్నాయి.

"నీ ముఖం చూసి ఎలా చెప్పమంటావురా" అంది.

ఇద్దరిదీ ఒకటే మాట. నా ముఖంలో ఏముందో గాని, దాన్ని చూసిన వాళ్ళెవరికీ నిజం చెప్పబుద్ధి కాదు.

మే 21

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఎవరితో చెప్పుకోను. ఓనరుతో చెబితే వీధంతటికీ తెలుస్తుంది.

బామ్మర్ది బావ బతుకు కోరతాడట. బావ ఏం కోరతాడో సామెత చెప్పనే లేదు.

మే 22

సన్నటాయన చెప్పిన ఆ ఒకాయన.

జాలేసిందని రాశాను.

మే 23

తెలియదా నాకు? మనిషికి ప్రతిసారీ గుట్ట మీదే లేసు ఊడుతుందా? ఆలోచిస్తే తెలిసేది. ఆలోచించలేదు. చాటున హాయిగా ఉంది, అంతే. అయినా తప్పు నాది కాదు. నమ్మినవాడిది తప్పా, నమ్మించినవాళ్ళదా.

మే 28

సైకిలు తిరిగిచ్చేద్దామని తుడిచాను. తుడిచి, ఎక్కాను. ఒక్కణ్ణే వెళ్ళాను.

గోదాముల రోడ్డు మీద గాలి. ముందు ఎవరి వీపూ లేదు. ఎక్కడో ఒక ఇనుప రేకు ఊడి టపటపా కొట్టుకుంటోంది. కాళ్ళు తిరుగుతున్నాయి, రోడ్డు కదలడం లేదు. గుట్ట సగంలో దిగి నడిపించుకుంటూ ఎక్కాను. వంతెన చేరేసరికి షాపు తెరిచే వేళ దాటిపోయింది. జట్టుతో వచ్చిన రోజుల్లో షాపు ముందు కూర్చుని టీ తాగేవాణ్ణి. నన్ను ఎంత దూరం మోశారో ఇప్పుడు తెలిసింది.

ఓనరు ఏమీ అనలేదు. అంటే ఈయనకి కూడా అక్క ఏదైనా చెప్పిందా?

మే 29

ఓనరుని అడిగేశాను, "మా అక్క మీకేమైనా చెప్పిందా" అని. "మీ అక్క ఎవరయ్యా" అన్నాడు. నిజమే అనిపించింది. అయినా రోజంతా ఆయన ముఖమే చూస్తూ ఉన్నాను. టీ కొట్టువాడు కాస్త ఎక్కువ చక్కెర వేసినా, ఎందుకు వేశాడా అనిపిస్తోంది.

జూన్ 2

దిగకుండా గుట్ట ఎక్కాను. పైన ఎవరూ లేరు. మాస్టారి రాయి ఖాళీగా ఉంది.

జూన్ 5

గాలి, గాలి, గాలి.

జూన్ 9

అక్క క్యారేజీ పంపింది. తిరిగి పంపాను. మూత తీయకుండా పంపాను కాబట్టి ఏం వండిందో తెలియదు. వాసన మాత్రం వచ్చింది.

జూన్ 13

డ్రిల్లు మాస్టారు షాపుకొచ్చారు. కళ్ళజోడు మర ఊడిందట. తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూసి, ఫ్రేముల ధరలన్నీ చదివి, చివరికి నా మిషను దగ్గరికొచ్చారు. నేను మర బిగించి ఇచ్చాను. అయినా ఆయన కదలలేదు.

"మొదటి రోజు ఒక మాటడిగావు. గుంపులో వేగం వస్తుందా అని" అన్నారు. ఆ గొంతు చిన్నది చేసుకోవడం ఆయనకి చేతకాదు, షాపులో వాళ్ళంతా తిరిగి చూశారు. "వస్తుందయ్యా. గుంపు నీ ఊపిరి తీస్తే వస్తుంది. మేం తియ్యలేదు. చాటున కూర్చోబెట్టి జోకొట్టాం. దాంతో చక్రం వెనక నిలకడగా ఉండడం నేర్చుకున్నావేమో గాని, కాలికి ఇసుమంతైనా బలం రాలేదు. ఆ రకంగా చూస్తే అన్యాయమే చేశాం. నేను మీ బావకి ఆనాడే చెప్పాను."

"ఆయనకి చెప్పారు. నాకు చెప్పలేదు" అన్నాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. తలుపు దాకా వెళ్ళారు. నాకే ఉండబట్టలేదు.

"మాస్టారూ, మీ లేసు నిజంగా ఎప్పుడైనా ఊడిందా?"

నిలబడి ఆలోచించారు. బడిపిల్లాడిలా నిజాయితీగా ఆలోచించారు.

"ఒకసారి" అన్నారు.

నవ్వు రాబోయింది. రానివ్వలేదు. వీళ్ళకి ఇంత తేలిగ్గా నవ్వు ఇవ్వదలచుకోలేదు.

జూన్ 17

ఇవాళ వంతెన దగ్గరికి వచ్చేసరికి షాపుకి ఇంకా చాలా టైముంది. టీ తాగాను. తొందరేం లేకుండా, కూర్చుని తాగాను. నన్నెవరూ మోయలేదు.

కవరు విప్పాను. ఏముందనుకున్నానో అదే ఉంది. సంతకం పెట్టాలి.

జూన్ 22

పందెం. వెళ్ళకూడదనుకున్నాను, వెళ్ళాను. గుంపులో చివర, ఒక లారీ చాటున నిలబడ్డాను.

పసుపు చొక్కాలు నాలుగు. మాస్టారు ముందు, తర్వాత కిటికీ, తర్వాత సన్నటాయన. ఆయన ముఖం మీద నా అద్దాలు. ఎండకి చక్కగా నల్లబడ్డాయి, ఇసుమంతైనా జారలేదు. చాలా వెనక బావ. నోరు తెరిచి, ఒక కాలు సరిగా తిరగక, కుంటుతున్నట్టు తొక్కుతున్నాడు. సన్నటాయన ఉన్నాడు కాబట్టి ఆయన లెక్కలోకి రాడు. మూడోవాడి టైమే కదా.

ఎక్కడో మధ్యలో వచ్చింది జట్టు. ఏరు దాటి తెప్ప తగలేశారు, తీరా చూస్తే అవతలి ఒడ్డున ఏమీ లేదు. సంతోషించాలి కదా. లారీ చాటున నిలబడి ఏడ్చాను. బావ లాంటి మనిషి అందరికంటే వెనక రావడం నేనెప్పుడూ చూడలేదు.

అది కూడా నటనేమో అని ఒక్క క్షణం అనిపించింది. నేను చూస్తున్నానని ఆయనకి తెలియదు కదా. అయినా అనిపించింది.

జూన్ 24

సంతకం పెట్టి పంపాను. ఆమె గురించి ఇంతే.

జూలై 1

తలుపు కొడితే తీశాను. బావ. ఒంటి మీద మామూలు బనీను, మెట్ల కింద సైకిలు.

"గుట్ట దాకా వెళ్ళొద్దాం. మాట్లాడొద్దులే" అన్నాడు.

మాట్లాడలేదు. గోదాముల రోడ్డెక్కగానే అలవాటు కొద్దీ ముందుకు పోయి, నాకు చాటివ్వబోయాడు. నేను పక్కకి తీసి దాటాను. కాసేపటికి చూస్తే నా వెనక ఉన్నాడు. చక్రానికీ చక్రానికీ మధ్య జానెడు. బావ ఊపిరి నా వీపు వెనక వినబడుతోంది. ఈ వరస ఇదే మొదలు. ఆయన నా చాటున.

గుట్ట మొదలయ్యాక ఆ ఊపిరి వెనకబడింది. తిరిగి చూడలేదు. నాకు కోపం ముంచుకొచ్చింది, కాళ్ళు వాటంతటవే తిరిగాయి. ఇన్ని నెలలు ఈ రాళ్ళ మధ్య నన్ను చంటిపిల్లాణ్ణి చేసి ఆడించారు కదా అనుకుంటూ తొక్కాను. పైకొచ్చి ఆగి చూస్తే బావ ఇంకా సగంలోనే ఉన్నాడు.

అప్పుడొచ్చింది భయం. నాకోసం వెనకబడ్డాడా? మళ్ళీ మొదలుపెట్టాడా? నేను నిజంగా ఎక్కినా ఇక నాకు తెలిసే దారి లేదు. ఈ మనుషులు నాకు చేసింది ఇదీ. ఓడిపోతే ఓడిపోయానని ఏడవొచ్చు. గెలిచినా గెలిచానని నమ్మలేకుండా చేశారు.

బావ వంకర్లు తిరుగుతూ ఎక్కుతున్నాడు. మలుపు దగ్గర దిగి, సైకిలు పడేసి, గట్టు మీద వంగి వాంతి చేసుకున్నాడు. మూతి తుడుచుకుని మళ్ళీ ఎక్కాడు. కళ్ళతో చూశాను. ఎంత నటించేవాడైనా అది నటించలేడు.

ఆయన దగ్గరికొచ్చేసరికి నేను మాస్టారి రాయి మీద కాలు పెట్టి వంగి ఉన్నాను. నా చేతుల్లో బూటు లేసు ఉంది. ఎప్పుడు విప్పానో తెలియదు. శుభ్రంగా ఉన్న ముడిని నేనే విప్పి, నేనే కడుతున్నాను.

బావ నా బూటు చూశాడు, నన్ను చూశాడు. ఆయన ముఖం ఎర్రగా, మీసానికి తడి. ఆ ముఖం చూస్తే, నీ కోసమే ఆగానని చెప్పబుద్ధి కాలేదు.

"ఊడిందా?" అన్నాడు.

"ఊడింది" అన్నాను.

జూలై 2

ఎందుకు విప్పాను? ఆయన్ని క్షమించలేదు. అది మాత్రం స్పష్టంగా రాసుకుంటున్నాను. క్షమించలేదు.

జూలై 4

అక్క క్యారేజీ పంపింది. తిన్నాను. గిన్నెలు కడిగి పంపాను.

జూలై 7

రేపు గుట్టకి రాలేనని బావ ఫోను చేశాడు. మోకాలు నొప్పట.

సరే అన్నాను. ఫోను పెట్టేశాక చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

జూలై 8

గోదాముల రోడ్డుకి వాళ్ళ వీధి మీదుగా వెళ్ళనక్కర్లేదు. అది చుట్టు దారి. అయినా పొద్దున్నే అటే వెళ్ళాను. వరండాలో సైకిలు ఉందో లేదో చూసి, ఆగకుండా వెళ్ళిపోదామనుకున్నాను.

బావ వరండాలోనే ఉన్నాడు. కుర్చీలో కూర్చుని, స్టూలు మీద కాలు చాపి, మోకాలి మీద మంచుముక్కల గుడ్డ పెట్టుకున్నాడు. మోకాలు కొబ్బరికాయంత వాచి ఉంది. నేను గేటు ముందు బ్రేకు వేశాను, వేయకుండా ఉండలేకపోయాను. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

బావ కాలు కదపకుండా చెయ్యి వెనక్కి చాచి, గోడకి ఆనించి ఉన్న సైకిలు మీద కప్పిన పాత దుప్పటి తొలగించాడు.

"ఉంది" అన్నాడు. "చూసుకుని వెళ్ళు."